పైకప్పు ఎవరిది? నల్లవాళ్ళ పిల్లలు బడి బయట చదువుకున్న చరిత్ర

1964 జులైలో అమెరికా దక్షిణాది రాష్ట్రం మిసిసిపీలోని హాటీస్‌బర్గ్ పట్నంలో ఒక బడికి పేర్లు రాసుకోవడం మొదలుపెట్టారు. ఏ వందో నూటయాభయ్యో వస్తారని నిర్వాహకులు అనుకున్నారు. వచ్చింది ఆరొందల మందికి పైనే. పిల్లలతో పాటు ఎనభై ఏళ్ళు దాటిన ముసలాయన ఒకాయన కూడా వచ్చి వరసలో నిలబడ్డాడు. ఆ బడి సర్టిఫికెట్ ఇవ్వదు. అందులో పాసయితే ఉద్యోగం రాదు. పైగా అది ఎండాకాలం సెలవులు. ఆ బడికి పోతున్నారని తెలిస్తే తండ్రిని దొర పొలంలోంచి వెళ్ళగొట్టొచ్చు, తెల్లవాళ్ళ ఇంట్లో వంటచేసే తల్లి పని పోవచ్చు, రాత్రికి ఇంటిమీద బాంబు పడొచ్చు. ఇవన్నీ తెలిసే వచ్చారు. ఎందుకొచ్చారు? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే పిల్లలకు చరిత్ర చెప్పడం అనే పని ఎంత రాజకీయమైనదో అర్థమవుతుంది. అది ఎవరి జాగాలో, ఎవరి జీతం మీద, ఏ పైకప్పు కింద జరుగుతుందనేది పాఠంలో ఏముందన్నంత ముఖ్యమని కూడా అర్థమవుతుంది. రెండో విషయం మనం తక్కువ మాట్లాడుకున్నాం. అందుకే ఈ వ్యాసం.

నల్లజాతి పోరాటం అనగానే మన దగ్గర రెండు మూడు పేర్లు వస్తాయి. మార్టిన్ లూథర్ కింగ్, మాల్కం ఎక్స్, బ్లాక్ పాంథర్లు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టినప్పుడు ఆ పేరు అక్కడి నుంచే వచ్చిందని అందరికీ తెలుసు. అలెక్స్ హేలీ నవల సహవాసి చేతిలో ‘ఏడు తరాలు’గా తెలుగులోకి వచ్చాక మన హాస్టళ్ళలో అది చదవని కార్యకర్త ఉండడు. ఇదంతా మంచిదే. అయితే ఆ ఉద్యమాల వెనక ఏళ్ళ తరబడి నడిచిన చిన్నపిల్లల క్లాసులు, సెలవు బడులు, ఆదివారం చదువులు మన దాకా రాలేదు. ఊరేగింపు కనిపించినంతగా క్లాసు కనిపించదు కదా.

ముందు మామూలు బడి ఏం చేసేదో చూడాలి. 1960ల మొదట్లో మిసిసిపీ రాష్ట్రం ఒక్కో తెల్ల పిల్లమీద పెట్టే ఖర్చులో సుమారు నాలుగోవంతు మాత్రమే ఒక్కో నల్ల పిల్లమీద పెట్టేది. డెల్టా ప్రాంతంలో పత్తి ఏరే కాలం రాగానే నల్లవాళ్ళ బడి మూసేసేవాళ్ళు. పోయిన రోజుల్ని మండుటెండల్లో బడి తెరిచి సర్దేవాళ్ళు. పత్తి చేలల్లో పిల్లల కూలీ గురించి పాలమూరు, కర్నూలు వాళ్ళకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. తెల్లపిల్లలు వాడి పారేసిన పుస్తకాలు వీళ్ళకు వచ్చేవి. ఆ పుస్తకాల్లో ఏముండేది? బానిసలు యజమానుల నీడన సుఖంగా బతికారని ఉండేది. అంతర్యుద్ధం తర్వాత, 1865 నుంచి 1877 దాకా, నల్లవాళ్ళు ఓటు వేసి చట్టసభల్లో కూచున్న కాలాన్ని అవినీతి రాజ్యంగా, చదువురానివాళ్ళ పాలనగా చెప్పేవాళ్ళు. అమెరికా సెనేట్‌లో కూచున్న మొదటి నల్లవాడు హైరమ్ రెవెల్స్ 1870లో ఈ మిసిసిపీ నుంచే వెళ్ళాడు. బానిసగా పుట్టిన బ్లాంచ్ బ్రూస్ 1875 నుంచి 1881 దాకా అదే రాష్ట్రం తరఫున సెనేటర్‌గా ఉన్నాడు. ఆ మట్టిలో పుట్టిన పిల్లకు ఈ రెండు పేర్లు గర్వంగా చెప్పిన పాఠం బడిలో లేదు. బడి లేకపోవడం ఒక బాధ. బడి ఉండి, నువ్వు ఎందుకూ పనికిరావని ఆ బడే నేర్పడం ఇంకా పెద్ద బాధ. పదో తరగతి దాకా నేను చదివిన పుస్తకాల్లో మా వాడ గురించి ఒక్క వాక్యం లేదు. వాడ అనే మాట కూడా లేదు. కాబట్టి ఈ సంగతి నాకు పుస్తకం చదివి మాత్రమే తెలిసింది కాదు.

ఈ రెండో బాధకు పేరు పెట్టి, దానిమీద జీవితమంతా పనిచేసినవాడు కార్టర్ వుడ్సన్. 1875లో వర్జీనియాలో పుట్టాడు. అమ్మా నాన్నా ఇద్దరూ బానిసత్వం చూసినవాళ్ళే. బతుకుతెరువు కోసం వెస్ట్ వర్జీనియా బొగ్గు గనుల్లో పనిచేశాడు. హైస్కూల్లో చేరేసరికి ఆయనకు ఇరవై ఏళ్ళు. అదే మనిషి 1912లో హార్వర్డ్ నుంచి చరిత్రలో డాక్టరేట్ తీసుకున్నాడు. అక్కడ ఆ పట్టా పొందిన నల్లవాళ్ళలో డుబోయిస్ తర్వాత ఆయన రెండోవాడు. ఆయన అసలు చరిత్ర పాఠం మాత్రం హార్వర్డ్‌లో మొదలవలేదు. గనుల దగ్గర ఆలివర్ జోన్స్ అని ఒక కార్మికుడు ఉండేవాడు. అంతర్యుద్ధంలో సైనికుడిగా పోరాడినవాడు. చదువు రాదు. కానీ ఇంట్లో పుస్తకాలూ పత్రికలూ పెట్టుకుని, డ్యూటీ దిగి వచ్చిన నల్ల కార్మికులకు తినడానికీ కూచుని మాట్లాడుకోవడానికీ చోటు ఇచ్చేవాడు. కుర్ర వుడ్సన్ అక్కడ పేపర్లు గట్టిగా చదివి వినిపించేవాడు. అందుకు ప్రతిఫలం తిండి. వింటున్నవాళ్ళు మధ్యలో ఆపి, యుద్ధం ఇట్లా కాదు జరిగింది, నేను అక్కడున్నా అని చెప్పేవాళ్ళు. అచ్చులో ఉన్నదానికీ మనుషులు చూసినదానికీ మధ్య ఉన్న దూరం ఆ కుర్రాడికి అక్కడ తెలిసింది. మన ఊళ్ళలో టీ బంకు దగ్గర ఒకడు పేపర్ చదివితే పదిమంది వినే అలవాటు ఉండేది. దాన్ని మనం చదువుగా లెక్కపెట్టం. వుడ్సన్ లెక్కపెట్టాడు.

1915లో ఆయన నల్లజాతి చరిత్ర అధ్యయనానికి ఒక సంఘం పెట్టాడు. మరుసటి ఏడు పరిశోధన పత్రిక మొదలుపెట్టాడు. అంతటితో ఆగితే పండితుడిగా మిగిలిపోయేవాడు. 1926 ఫిబ్రవరిలో ‘నీగ్రో చరిత్ర వారం’ మొదలుపెట్టాడు. (అప్పట్లో వాళ్ళు గౌరవంగానే వాడుకున్న మాట అది. తర్వాత వాళ్ళే వద్దనుకున్నారు.) లింకన్, ఫ్రెడరిక్ డగ్లస్ పుట్టినరోజులను నల్లవాళ్ళు అప్పటికే జరుపుకుంటున్నారు కాబట్టి ఆ వారాన్ని ఎంచుకున్నాడు. బొమ్మలు, పాఠాలు, నాటికలు, పిల్లలు చదివేందుకు చిన్న జీవిత చరిత్రలు అచ్చువేసి బడులకూ చర్చిలకూ పంపాడు. 1933లో వచ్చిన ఆయన పుస్తకం వాదన ఏమిటంటే, నల్లవాడికి చదువు అందకపోవడం ఒక్కటే సమస్య కాదు, అందిన చదువు తన జాతిని తానే తక్కువగా చూసుకునేలా తయారుచేయడం అంతకన్నా లోతైన సమస్య అని. 1937లో మేరీ మెక్‌లియడ్ బెథ్యూన్ ప్రోత్సాహంతో బడి టీచర్ల కోసం, పిల్లల కోసం తేలిక భాషలో మరో పత్రిక తెచ్చాడు. అంతకుముందే డుబోయిస్, జెస్సీ ఫాసెట్ కలిసి 1920, 21 సంవత్సరాల్లో నల్లపిల్లల కోసం ‘బ్రౌనీస్ బుక్’ అనే మాసపత్రిక నడిపారు. ఇరవైనాలుగు సంచికలు వచ్చి ఆగిపోయింది. లాంగ్‌స్టన్ హ్యూస్ తొలి రచనలు అచ్చయింది అందులోనే. ఒక పత్రిక రెండేళ్ళకు ఆగిపోతే అది ఓడిపోయినట్టేనా? మన చిన్న పత్రికల లెక్కలు చూసేవాళ్ళు ఈ ప్రశ్న కాస్త ఆలోచించాలి.

వుడ్సన్ పుస్తకాలు టీచర్ల చేతుల్లోకి ఎట్లా పోయాయో చెప్పే ఒక సంగతి ఉంది. 1930ల్లో లూసియానాలో టెస్సీ మెక్‌గీ అనే యువ నల్ల టీచర్, నల్లపిల్లల హైస్కూల్లో చరిత్ర చెప్పేది. రాష్ట్రం ఆమోదించిన పాఠ్యప్రణాళిక బల్లమీద పెట్టుకునేది. వుడ్సన్ పుస్తకం ఒళ్ళో పెట్టుకునేది. ఒళ్ళోది చూస్తూ పాఠం చెప్పేది. ప్రిన్సిపల్ తలుపు తీస్తే చూపు బల్లమీదికి మారేది. ఆయన పోగానే మళ్ళీ ఒళ్ళోకి. పిల్లలు ఇదంతా గమనించేవాళ్ళు. వాళ్ళలో ఒకతను పెద్దయ్యాక గుర్తుచేసుకున్నాడు కాబట్టే మనకు తెలిసింది. చరిత్రతో పాటు ఆ పిల్లలు నేర్చుకున్న ఇంకో పాఠం ఉంది: మా గురించిన నిజం దాచిపెట్టి చెప్పాల్సినంత ప్రమాదకరమైనదని.

ఆమె ఎందుకు దాచింది? జీతం తెల్లవాళ్ళ బోర్డు చేతిలో ఉంది కాబట్టి. 1956లో దక్షిణ కరొలినాలో సెప్టిమా క్లార్క్ అనే సీనియర్ టీచర్ పౌరహక్కుల సంఘంలో సభ్యత్వం వదులుకోనన్నందుకు ఉద్యోగం పోగొట్టుకుంది. నలభై ఏళ్ళ సర్వీసు ఉన్న మనిషి. ఆ తర్వాత ఆమే ఊరూరా పెద్దలకు చదువూ ఓటు నమోదూ నేర్పే పౌర బడుల్ని నడిపించింది. ఆ బడుల్లో మొదటి టీచర్ బెర్నిస్ రాబిన్సన్ ఒక బ్యూటీషియన్. జుట్టు దువ్వించుకునేది నల్ల ఆడవాళ్ళే కాబట్టి ఆమె తిండి తెల్లవాళ్ళ చేతిలో లేదు. ఈ చిన్న విషయంలో చాలా ఉంది. సర్కారు జీతగాడు చెప్పలేని పాఠం సొంత కాళ్ళమీద నిలబడ్డవాళ్ళు చెప్పగలిగారు.

ఇప్పుడు మిసిసిపీకి వద్దాం. 1963 డిసెంబరులో చార్లెస్ కాబ్ అనే ఇరవై ఏళ్ళ కుర్రాడు ఒక ప్రతిపాదన రాశాడు. విద్యార్థుల అహింసా సమన్వయ సంఘంలో పూర్తికాలపు కార్యకర్త. క్లుప్తంగా ‘స్నిక్’ అనేవాళ్ళు. మరుసటి ఎండాకాలం ఓటు నమోదు కోసం ఉత్తరాది నుంచి వందల మంది కాలేజీ విద్యార్థులు వస్తున్నారు. వాళ్ళలో కొందరిని బడులు నడపడానికి వాడుకుందాం, మిసిసిపీ బడుల్లో ప్రశ్న అడగడమే నేరం, కాబట్టి ప్రశ్నలు అడగడం నేర్పే బడులు పెడదాం అన్నాడు. 1964 మార్చిలో న్యూయార్క్‌లో సమావేశం పెట్టి పాఠ్యప్రణాళిక తయారుచేశారు. చరిత్రకారుడు స్టాటన్ లిండ్ ఈ బడులకు డైరెక్టరు. వీటికి ఫ్రీడం స్కూళ్ళు అని పేరు. వెయ్యిమంది వస్తారని లెక్కేసుకుంటే రెండువేలకు పైగా వచ్చారు. ఎండాకాలం అయ్యేసరికి సుమారు 40 బడులు నడిచాయి.

ఆ పాఠ్యప్రణాళిక చూస్తే ఈరోజుకీ ఆశ్చర్యమేస్తుంది. చరిత్ర భాగం ‘అమిస్టాడ్’ ఓడ కథతో మొదలయ్యింది. 1839లో బానిసలుగా పట్టుకుపోతున్న ఆఫ్రికన్లు క్యూబా దగ్గర ఆ ఓడమీద తిరగబడి దాన్ని స్వాధీనం చేసుకున్నారు. నాయకుడు సింకే. మొత్తం 53 మందిలో నలుగురు పిల్లలు. అమెరికాలో ఓడ పట్టుబడింది, కేసు నడిచింది, 1841లో సుప్రీంకోర్టు వాళ్ళని స్వేచ్ఛాజీవులని తీర్పు చెప్పింది, మరుసటి ఏడు వాళ్ళు తిరిగి ఆఫ్రికా చేరారు. సంకెళ్ళతో, కొరడాలతో మొదలుపెట్టకుండా తిరుగుబాటుతో మొదలుపెట్టడం ఆలోచించి చేసిన పని. మన దగ్గర చాలామంది మంచి ఉద్దేశంతోనే పిల్లలకు ముంతా తాటాకూతో మొదలుపెడతారు. పిల్ల మనసులో మొదట పడే బొమ్మ ఏదో కాస్త చూసుకోవాలి. అవమానం చెప్పొద్దని కాదు. వరస ముఖ్యం.

పౌరశాస్త్రం భాగం ఏడు విడతలు. మొదట పిల్లలు తమ బతుకును, బడిని, ఇంటిని ఇతరుల వాటితో పోల్చి చూసుకుంటారు. తర్వాత ఉత్తరాదిలో నల్లవాళ్ళ బతుకు చూస్తారు, అక్కడా స్వర్గం లేదని తెలుసుకుంటారు. తెల్లవాళ్ళ జీవితం పైకి కనిపించినంత గొప్పదా అని అడుగుతారు. తర్వాత అధికారం ఎవరి చేతుల్లో ఉంది, పేద నల్లవాడికీ పేద తెల్లవాడికీ మధ్య గోడ కట్టింది ఎవరు, దానివల్ల లాభం ఎవరికి అని వెళ్తారు. ఆరోది వస్తువులకూ ఆత్మకూ సంబంధించినది. చివరిది ఉద్యమం. వీటన్నిటి వెంటా కొన్ని ప్రశ్నలు నడుస్తుంటాయి: పైవాళ్ళ సంస్కృతిలో మనకు కావాల్సింది ఏమిటి, మనకు అక్కర్లేనిది ఏమిటి, మన దగ్గర ఉన్నదాంట్లో మనం నిలుపుకోవాల్సింది ఏమిటి. మూడో ప్రశ్నే బరువైనది. పైవాళ్ళకున్నది మాకూ కావాలని అడగడం తేలిక. మాకున్నది మంచిదని పన్నెండేళ్ళ పిల్ల అనగలగాలంటే దానికి చాలా పాఠం కావాలి. డప్పు విషయంలో మనలో మనం పడ్డ వాదాలు గుర్తున్నవాళ్ళకు ఈ ప్రశ్న వేరే వివరించనవసరం లేదు.

బడులు ఎక్కడ నడిచాయి? ఎక్కువ భాగం చర్చిల్లో, చర్చి నేలమాళిగల్లో, అరుగుల మీద, చెట్ల కింద. మిసిసిపీలో నల్లవాళ్ళ సొంత ఆస్తిగా నిలిచిన పెద్ద కట్టడం చర్చి ఒక్కటే. సర్కారు బడి భవనం తెల్ల బోర్డుది. పొలం దొరది. చర్చి మాత్రం తలా ఒక డాలరు వేసి కట్టుకున్నది. అందుకే తెల్ల ఉగ్రవాదులు దాన్నే తగలబెట్టారు. ఆ ఒక్క ఎండాకాలంలో ముప్ఫైకి పైగా నల్లవాళ్ళ చర్చిలు కాలిపోవడమో బాంబులకు కూలడమో జరిగింది. నెషోబా కౌంటీలో మౌంట్ జియాన్ చర్చి ఫ్రీడం స్కూలుకు చోటిస్తానని ఒప్పుకుంది. జూన్ 16న దాన్ని తగలబెట్టారు. కాలిన చర్చిని చూసి, దెబ్బలు తిన్నవాళ్ళను పలకరించడానికి 21న వెళ్ళిన జేమ్స్ చేనీ, ఆండ్రూ గుడ్‌మన్, మైకేల్ ష్వెర్నర్ తిరిగి రాలేదు. ఆగస్టు 4న ఒక మట్టికట్ట కింద వాళ్ళ శవాలు దొరికాయి. ఈ హత్యల గురించి సినిమాలు వచ్చాయి, పుస్తకాలు వచ్చాయి. వాళ్ళు ఆ రోజు బయల్దేరింది ఒక బడికి జాగా ఇచ్చి కాలిపోయిన చర్చిని చూడటానికన్న సంగతి మాత్రం పక్కకు పోయింది.

మెకోంబ్ పట్నంలో కార్యకర్తల ఇంటిమీద జులై 8న బాంబు వేశారు. భయంతో చర్చి పెద్దలు చోటివ్వలేదు. పిల్లలు గడ్డి మీదే కూచుని చదువుకున్నారు. అప్పుడు పదహారేళ్ళ అమ్మాయి ఒక కవిత రాసింది. చర్చి అడిగితే తలుపేసుకున్న పెద్దల్ని అందులో నిలదీసింది. ఆ కవిత ఊళ్ళో చేతులు మారింది. పెద్దలు సిగ్గుపడ్డారు, చోటు దొరికింది. కవిత్వం వల్ల ఏమవుతుందని అడిగేవాళ్ళకు చెప్పడానికి ఇది బాగుంటుంది. చేనీ సొంత ఊరు మెరిడియన్‌లో ఆగస్టు 6 నుంచి 8 దాకా ఫ్రీడం స్కూళ్ళ పిల్లల ప్రతినిధులు మహాసభ జరుపుకున్నారు. ఆ మధ్యరోజే, 7న, చేనీ అంత్యక్రియలు అదే ఊళ్ళో జరిగాయి. పిల్లలు ఇళ్ళ గురించి, ఉద్యోగాల గురించి, బడుల గురించి తీర్మానాలు రాసుకున్నారు. పెద్దలు రాసిచ్చినవి కావు, వాళ్ళు వాదించుకుని ఓటేసుకున్నవి.

హాటీస్‌బర్గ్ పిల్లలు ఇంకో అడుగు వేశారు. ఆగస్టు 14న ఆరుగురు పిల్లలు, న్యూయార్క్ నుంచి వచ్చిన తెల్ల టీచరమ్మ సాండ్రా ఆడికిస్ కలిసి పట్నం గ్రంథాలయానికి వెళ్ళి సభ్యత్వం కార్డులు అడిగారు. అధికారులు ఏంచేశారు? గ్రంథాలయాన్నే మూసేశారు. మంచినీళ్ళ బావి దగ్గర ఇట్లాంటివి చూశాం, పుస్తకాల బావి కూడా అంతే. అక్కడినుంచి వాళ్ళు ఒక దుకాణంలో భోజనానికి కూచుంటే, పిల్లలకు పెడతాంగానీ వాళ్ళతో వచ్చిన తెల్ల ఆవిడకు పెట్టమన్నారు. బయటికి రాగానే ఆమెను దిమ్మరితనం కేసుపెట్టి అరెస్టు చేశారు. ఆమె వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది, 1970లో ఆమెకు అనుకూలంగా వచ్చింది. బడిలో చదివింది బజార్లో పరీక్షించుకోవడం అంటే ఇదే.

వీటి లోపాలు కూడా చెప్పుకోవాలి. టీచర్లలో అత్యధికులు ఉత్తరాది తెల్ల విద్యార్థులు, డబ్బున్న ఇళ్ళవాళ్ళు. స్థానిక నల్ల టీచర్లు ఉద్యోగ భయంతో బాహాటంగా రాలేకపోయారు. నల్లపిల్లలకు నల్లజాతి చరిత్రను తెల్లవాళ్ళు చెప్పడం ఏమిటన్న ప్రశ్న స్నిక్ లోపల అప్పుడే లేచింది, రెండేళ్ళలో ఆ సంఘాన్నే కుదిపేసింది. వాడలోకి వచ్చి పాఠాలు చెప్పే అగ్రకుల ప్రగతిశీలుర మీద మన వాదనలు ఈ కోవలోనివే. నా అభిప్రాయం చెప్పాలంటే, ఇక్కడ చూడాల్సింది టీచరు రంగుతో పాటు ప్రశ్నలు ఎవరు రాశారన్నది. ప్రతిపాదన నల్ల కార్యకర్తది, జాగా నల్లవాళ్ళది, తిండి పెట్టిందీ పడుకోబెట్టిందీ నల్ల తల్లులు. బయటివాడు ఆ ఇంటి చుట్టంగా వచ్చాడు, యజమానిగా రాలేదు. అది తప్పిన చోటల్లా గొడవ వచ్చింది, రావాల్సిందే. ఇంకో లోపం: సెప్టెంబరు రాగానే చాలామంది వెళ్ళిపోయారు. కొన్ని ఊళ్ళలో బడులు కొనసాగాయి, ఎక్కువ చోట్ల ఆగిపోయాయి.

నిలకడగా నడపడం ఎట్లాగో బ్లాక్ పాంథర్లు వేరే దారిలో చూపించారు. తుపాకీ ఫొటోల వల్ల ఈ భాగం మరుగున పడింది. 1969 జనవరిలో ఓక్లండ్‌లో ఒక చర్చిలో పిల్లలకు ఉచిత ఉదయాహారం మొదలుపెట్టారు. ఆ ఎండాకాలమే విముక్తి బడులు మొదలయ్యాయి. 1971లో పూర్తికాలపు బడి వచ్చింది. తర్వాత తూర్పు ఓక్లండ్‌లో సొంత భవనంలోకి మారి ఓక్లండ్ కమ్యూనిటీ స్కూలుగా స్థిరపడింది. ఎరికా హగ్గిన్స్ 1973 నుంచి 1981 దాకా దాని డైరెక్టరు. పిల్లలకు మూడుపూటలా తిండి పెట్టేవాళ్ళు. తప్పు చేసిన పిల్లల సంగతి పిల్లల కమిటీయే విచారించేది. ఏం ఆలోచించాలో కాకుండా ఎట్లా ఆలోచించాలో నేర్పుతామనేది వాళ్ళ పద్ధతి. 1977లో కాలిఫోర్నియా శాసనసభ ఈ బడిని మెచ్చుకుంది. 1980లో రోజా పార్క్స్ వచ్చినప్పుడు ఆమె జీవితాన్నే పిల్లలు నాటికగా వేసి చూపించారు. 1982లో బడి మూతపడింది. పార్టీ అప్పటికే చితికిపోయింది, బడి నిధుల విషయంలో హ్యూయీ న్యూటన్ మీద తర్వాత కేసు నడిచింది. పోలీసుల అణచివేత నిజమే, కానీ ఈ రెండోది కూడా నిజమే. పిల్లల బడి ఖాతా నాయకుడి చేతికింద ఉండకూడదన్నది మన సంఘాలకు చేదుగా ఉన్నా గుర్తుంచుకోవాల్సిన మాట.

సముద్రం దాటి ఇంగ్లండులోనూ ఇదే జరిగింది. కరీబియన్ దీవుల నుంచి వలసవచ్చిన వాళ్ళ పిల్లల్ని మందబుద్ధుల బడుల్లోకి నెట్టేస్తున్నారని బెర్నార్డ్ కోర్డ్ 1971లో చిన్న పుస్తకం రాశాడు. దాన్ని అచ్చువేసిన న్యూ బీకన్ ప్రచురణకర్త జాన్ లా రోజ్ అప్పటికే తన ఇంట్లోనే పిల్లలకు పాఠాలు మొదలుపెట్టాడు. శనివారం బడులు ఆ దేశమంతా పాకాయి. అక్కడ పైకప్పు ఎవరో ఒకరి ముందు గది.

ఇక మనతో లంకె. అది ఊహించుకున్నది కాదు. 1873లో ఫూలే తన ‘గులాంగిరి’ని బానిసత్వాన్ని రద్దుచేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. 1946లో అంబేడ్కర్ డుబోయిస్‌కు ఉత్తరం రాసి, నల్లవాళ్ళు ఐక్యరాజ్యసమితికి ఇస్తున్న విజ్ఞాపన గురించి అడిగాడు. తెలుగు నేలమీద భాగ్యరెడ్డివర్మ 1906లోనే జగన్మిత్ర మండలి పెట్టి హరికథల ద్వారా మాల మాదిగ వాడల్లో ప్రచారం చేయించాడు. హైదరాబాదులో మన పిల్లలకు బడులు పెట్టాడు. 1917 బెజవాడ సభలో పంచములమనే పేరు తీసేసి ఆది ఆంధ్రులమని ప్రకటించుకున్నప్పుడు అధ్యక్షుడు ఆయనే. పేరు మార్చుకోవడం అంటే చరిత్ర మార్చి చెప్పుకోవడం. వుడ్సన్ వారం కన్నా తొమ్మిదేళ్ళ ముందు మాట అది. ఎవరు ముందు అన్న పోటీకి కాదు చెప్తున్నది. అక్కడివాళ్ళు దాన్ని పిల్లల పాఠంగా మలిచి తరాలకు అందించారు, మనం ఎక్కువగా సభలోనే వదిలేశాం. హరికథ పోయింది, దాని స్థానంలో పిల్లల పాఠం రాలేదు.

వాళ్ళకీ ఒక ప్రమాదం వచ్చింది. చరిత్ర వారం 1976 నుంచి చరిత్ర మాసమైంది, అధ్యక్షుడే ప్రకటన ఇచ్చాడు, తర్వాత తర్వాత కంపెనీలు ఫిబ్రవరిలో ప్రకటనలు వేయడం మొదలుపెట్టాయి. గోడమీద పదిమంది మహానుభావుల బొమ్మలు, పిల్లలు తలా ఒకరి గురించి నాలుగు వాక్యాలు. మార్చి రాగానే బొమ్మలు తీసేస్తారు. ఏప్రిల్ 14న మన వాడల్లో జరిగేది తెలిసిందే. విగ్రహానికి దండ, మైకు, పిల్లాడి చేత కంఠతా పట్టించిన ఉపన్యాసం, చప్పట్లు. ఆ పిల్లాడిని ఎవరూ ఒక ప్రశ్న అడగరు, వాడు ఎవరినీ అడగడు. జయంతి వద్దని ఎవడూ అనడు. ఆ జయంతి కోసమే ఎన్నో ఊళ్ళలో దెబ్బలు తిన్నాం. కానీ సంవత్సరంలో మిగతా రోజుల్లో అంబేడ్కర్ భవనం తాళం ఎవరి దగ్గర ఉంటోంది? ఎన్ని చోట్ల అందులో ఎరువుల బస్తాలున్నాయి? ఎన్ని చోట్ల సాయంత్రం ఆరు గంటలకు పదిమంది పిల్లలు కూచోగలుగుతున్నారు? ఊరి చెరువు తవ్వినప్పుడు మట్టి మోసింది ఎవరు, శాసనం మీద పేరు ఎవరిది, మా తాత పేరు వెనక ‘గాడు’ ఎప్పుడు పోయింది, ఎవరు పోగొట్టారు అని అడిగే పాఠానికి జవాబు చెప్పగల ముసలివాళ్ళు ఇంకా కొద్దిమంది ఉన్నారు. ఆలివర్ జోన్స్ లాంటివాళ్ళు. అక్షరం రాదు, అక్కడున్నారు.

సర్కారు బడి మారదా? మారుతుంది, మెల్లగా, కోర్టు మెట్లెక్కి. నల్లవాళ్ళ చరిత్రను నిజాయితీగా చెప్పిన కొత్త మిసిసిపీ చరిత్ర పాఠ్యపుస్తకాన్ని జేమ్స్ లోవెన్, చార్లెస్ సాలిస్ తయారుచేస్తే 1974లో రాష్ట్ర బోర్డు తిరస్కరించింది. నల్లవాడిని కొట్టిచంపిన దృశ్యం ఫొటో అందులో ఉండటం ఒక అభ్యంతరం. ఫెడరల్ కోర్టు 1980లో ఆ తిరస్కరణ చెల్లదంది. ఫ్రీడం స్కూళ్ళు నడిచిన పదహారేళ్ళకు. వచ్చింది మళ్ళీ పోవచ్చు కూడా. 2022లో ఫ్లోరిడా రాష్ట్రం జాతి గురించి బడుల్లో ఎట్లా మాట్లాడాలో కట్టడిచేస్తూ చట్టం చేసింది. 2023 జనవరిలో, హైస్కూలు విద్యార్థుల కోసం తయారైన ఆఫ్రికన్ అమెరికన్ అధ్యయనాల కోర్సును తమ బడుల్లో వద్దంది. ఆ ఏడే అక్కడి నల్లవాళ్ళ చర్చిలు ఒకదాని తర్వాత ఒకటి తమ గదుల్లో చరిత్ర పాఠాలు మొదలుపెట్టాయి. మతసంఘాల కూటమి ఒకటి పాఠాల జాబితా, చదవాల్సిన పుస్తకాలు, చూడాల్సిన సినిమాలు సమకూర్చి పంచింది. మేరియన్ రైట్ ఎడెల్మన్ సంస్థ 1995లో మొదలుపెట్టిన ఫ్రీడం స్కూళ్ళు వేరే, అవి ఎండాకాలం ఆరువారాలు చాలా రాష్ట్రాల్లో నడుస్తున్నాయి. పొద్దున్నే పాటలతో మొదలవుతాయి, కాలేజీ చదివే యువతీయువకులే టీచర్లు. ఫ్లోరిడా చర్చిల్లో మాత్రం పాఠం చెప్పేవాళ్ళలో పాదిరీలున్నారు, రిటైరైన టీచర్లున్నారు. వాళ్ళ జీతం ఇప్పుడు ఏ బోర్డు చేతిలోనూ లేదు.